బీట్‌రూటు, పటిక, కాలవ నీళ్ళు: యాంటీబయోటిక్ బ్యాక్టీరియా పొరని ఎలా చింపుతుందో ఇంట్లో చూసే పద్ధతి

పోయిన వేసవిలో ఒక రైతు రొయ్యల శాంపిల్ పట్టుకుని మా ల్యాబుకి వచ్చాడు. నేను ప్లేటు మీద విబ్రియో (రొయ్యలకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) కట్టిన పచ్చ కాలనీలు లెక్కపెడుతుంటే వెనకాలే నిలబడి చూసి చూసి అడిగాడు: "ఆయ్, మేష్టారూ, ఈ విబ్రియోకి చుట్టూ ఉండేది కొవ్వు పొరే అంటారు కదండీ, కొవ్వు వదలాలంటే అంట్లు తోమే సబ్బు చాలు కదండీ, మరి అంతంత ఖరీదు మందులెందుకండీ?"

నవ్వి ఊరుకోబోయాను గానీ ఊరుకోలేకపోయాను. భీమవరంలో ఇన్నేళ్ళుగా డిగ్రీ పిల్లలకి ఖాళీ ఉన్న ఆదివారాలు మైక్రోబయాలజీ చెప్తున్నా, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. దానికి జవాబు అతని కళ్ళ ముందున్న ప్లేటులోనే ఉంది. విబ్రియో కోసం వాడే ఆ టీసీబీఎస్ ప్లేటులో బైల్ సాల్ట్స్ కలుపుతారు, అంటే పైత్యరసంలోని లవణాలు. మన పొట్టలో అవి చేసే పని అచ్చంగా సబ్బు పనే, కొవ్వుని విడగొట్టడం. ఆ సబ్బులోనే విబ్రియో కాలనీలు కట్టి కులాసాగా కూర్చుంది. అదే సబ్బు చెరువులో కలిపితే ముందు పొయ్యేవి రొయ్య మొప్పలు. కొవ్వు పొరని చింపడానికి సబ్బు చాలు, కానీ ఎదుటివాడి పొర చింపి పక్కవాడి పొర వదిలెయ్యాలంటే తెలివుండాలి, ఆ తెలివి మట్టిలో బతికే కొన్ని బ్యాక్టీరియాలకి కోట్ల ఏళ్ళుగా ఉంది.

ఆ తెలివి ఎలా పనిచేస్తుందో పుస్తకం తెరవకుండా ఒక మధ్యాహ్నంలో చూడచ్చు. నేను పిల్లల చేత చేయించే వరస ఇది. ఒక్క హెచ్చరిక మాత్రం ముందే చెప్పేస్తున్నాను: ఇంట్లో బ్యాక్టీరియా పెంచకండి, మందుల షాపు నుంచి యాంటీబయోటిక్ తెచ్చి గ్లాసుల్లో కలిపి ఆడకండి. ఇంట్లో చేసేవాటికి ఆ రెండూ అవసరం లేదు.

ముందు బీట్‌రూటు

తాజా బీట్‌రూటు ఒకటి, గాజు గ్లాసులు ఐదు (స్టీలువి వద్దు, రంగు కనపడదు), అంట్లు తోమే లిక్విడ్, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, ఒక ఫ్రిజ్ కావాలి. బీట్‌రూటు చెక్కు తీసి ఇంచుమించు ఒకే సైజులో, సెంటీమీటరు ముక్కలు పదిహేను కొయ్యండి. మూడు ముక్కలు ముందురోజు రాత్రే డీప్ ఫ్రీజర్లో పెట్టెయ్యాలి, అందుకని ఆ మూడూ ఒక రోజు ముందు కోసుకోండి.

మిగతా పన్నెండు ముక్కల్ని చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇది బద్ధకించకూడని పని. కత్తి పడ్డ చోట కణాలు తెగిపోయి ఉంటాయి, ఆ రంగంతా ముందే పోవాలి. మొదటిసారి నేను పిల్లల ముందు ఇది చేసినప్పుడు ఏదో పైపైన కడిగి వేసేశాను, మంచినీళ్ళ గ్లాసు కూడా ఎర్రగా అయిపోయింది, వెనక బెంచీలో ఒకడు "సార్, నీళ్ళు కూడా యాంటీబయోటిక్కేనా?" అన్నాడు. క్లాసంతా నవ్వు. అప్పటినుంచి ఐదారు సార్లు కడుగుతున్నాను.

ఇక గ్లాసులు. ఒకదాంట్లో ఉత్త మంచినీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళకి ఒక చెంచాడు లిక్విడ్, ఒకదాంట్లో సగం స్పిరిట్ సగం నీళ్ళు, ఒకదాంట్లో మరిగించి దించి ఐదు నిమిషాలు ఆగిన వేడినీళ్ళు, చివరిదాంట్లో మళ్ళీ మంచినీళ్ళే, కాకపోతే ముక్కలు మాత్రం ఫ్రీజర్లోవి, వాటిని కూడా వెయ్యబోయే ముందు ఒకసారి గబగబా తొలిచెయ్యండి. తలా మూడు ముక్కలు వేసి అరగంట వదిలెయ్యండి, సబ్బుది నెమ్మదిగా ఉంటుంది, దానికి ఇంకో అరగంట ఇవ్వండి. కొంతమంది హుషారుగా సున్నం కూడా వేసి చూద్దాం అంటారు, వద్దు, సున్నానికి బీట్‌రూటు రంగు పసుపుకి తిరిగిపోతుంది, రంగు ఎంత కారిందో తెలీదు.

మంచినీళ్ళ గ్లాసు కాస్త గులాబీ రంగులో ఆగిపోతుంది, మిగతావి ఎర్రబడతాయి. బీట్‌రూటు ఎరుపంతా కణం లోపల ఒక సంచిలో దాక్కుని ఉంటుంది, బయటికి రావాలంటే ఆ సంచి పొర, దాని చుట్టూ కణం పొర, రెండూ దాటాలి. పొర బాగుంటే దాటలేదు. వేడి ఆ పొరల్ని వదులు చేసేసింది, స్పిరిట్ కొవ్వుని కరిగించింది, ఫ్రీజర్లో మంచు సూదులు కట్టి పొడిచేశాయి, సబ్బు కొవ్వు అణువుల మధ్య దూరి విడగొట్టింది. గ్లాసులో ఎర్రదనం ఎంతుంటే పొర అంత పాడైందని లెక్క. ఈ నాలుగూ మొరటు దారులు, బీట్‌రూటయినా, మన చర్మమైనా, బ్యాక్టీరియా అయినా వాటికి ఒకటే.

కాలేజీ ల్యాబులో దీన్నే బ్యాక్టీరియాతో చెయ్యాలంటే ప్రొపిడియం అయొడైడ్ అనే రంగు వాడతారు. పొర బాగున్న కణంలోకి అది పోలేదు, చిరిగిన కణంలోకి పోయి డీఎన్‌ఏకి అతుక్కుని ఎర్రగా మెరుస్తుంది. బీట్‌రూటులో రంగు బయటికొస్తుంది, దీంట్లో లోపలికి పోతుంది, అంతే.

పటిక తిప్పడం

వరదల రోజుల్లో గోదారి ఎర్రనీళ్ళు ధవళేశ్వరం దగ్గర కాలవల్లోకి దిగి మా ఊరి దాకా వచ్చేవి, మా అమ్మమ్మ బిందెలో పటిక ముక్క పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పి మూత పెట్టేది, పొద్దున్నకి మట్టంతా అడుక్కి చేరేది. ఆ పటికే మన రెండో పరికరం.

కాలవ నీళ్ళు మూడు గ్లాసుల్లో పట్టండి. వేసవిలో కాలవ తేటగా ఉంటే చేలో బంకమట్టి చిటికెడు కలిపి, గరుకు ఇసక దిగేదాకా ఆగి పైనీళ్ళు తీసుకోండి. ఒకటి ముట్టుకోకండి. ఒకదాంట్లో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పండి. మూడోదాంట్లో గళ్ళుప్పు రెండు చెంచాలు వేసి కలపండి. పటికది ముందు తేరుకుంటుంది, తరవాత ఉప్పుది, ఉత్తది అలాగే మబ్బుగా ఉండిపోతుంది.

బంకమట్టి రేణువుల మీద మైనస్ చార్జి ఉంటుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి కాబట్టి కిందికి దిగవు. పటికలో అల్యూమినియం మూడు ప్లస్సులు మోసుకొచ్చి వాటికి అతుక్కుంటుంది, తోపులాట ఆగిపోయి ఉండలు కట్టి దిగుతాయి. ఉప్పులో ప్లస్సులు ఒక్కొక్కటే, అందుకే బోలెడు పోస్తే గానీ పని జరగదు. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నది మోసుకొచ్చిన సన్నమట్టి ఉప్పునీళ్ళు తగలగానే ఉండలు కట్టి దిగిపోవడం కూడా ఇదే, మన డెల్టాలో ఆ మట్టికీ వాటా ఉంది.

ఇప్పుడు మట్టి రేణువు స్థానంలో బ్యాక్టీరియాని పెట్టండి. బ్యాక్టీరియా పైన కూడా మైనస్ చార్జే. విబ్రియో, ఈ-కోలై లాంటి గ్రామ్ నెగటివ్ వాటికి రెండు పొరలు ఉంటాయి, బయటి పొర పైభాగంలో ఎల్‌పీఎస్ అనే పెద్ద అణువులు వరసగా పేర్చినట్టు నిలబడి ఉంటాయి, వాటి నిండా ఫాస్ఫేట్లు, అంటే మైనస్సులు. మైనస్సులు పక్కపక్కనే ఉంటే తోసుకుంటాయి కదా, మరి విడిపోవా? విడిపోకుండా కాల్షియం, మెగ్నీషియం అయాన్లు (ప్లస్ చార్జి మోసే కణికలు) మధ్యలో దూరి కుట్లు వేసినట్టు పట్టి ఉంచుతాయి. బైల్ సాల్ట్స్‌కి విబ్రియో లొంగకపోవడానికి కారణం ఈ కుట్టుపని కూడా.

మన కణాల పొర వేరు. బయటి వైపు ఎక్కువగా ప్లస్సూ మైనస్సూ సరిసమానంగా ఉన్న కొవ్వులే ఉంటాయి, పైగా మధ్యలో కొలెస్టరాల్ బిగించి ఉంటుంది. దూరం నుంచి చూస్తే మన కణం చార్జి లేనట్టే కనపడుతుంది, బ్యాక్టీరియా మాత్రం మైనస్‌తో మెరుస్తూ కనపడుతుంది.

పాలిమిక్సిన్ ఈ తేడానే పట్టుకుంది. 1947లో దొరికిన మందు ఇది, అప్పట్లో బాసిల్లస్ పాలిమిక్సా అని పిలిచిన మట్టి బ్యాక్టీరియా తయారుచేస్తుంది, దాని పేరు ఇప్పుడు పీనిబాసిల్లస్ పాలిమిక్సా. కొలిస్టిన్ అంటే దాని సొంత తమ్ముడు, పాలిమిక్సిన్-ఇ. పది అమైనో ఆమ్లాలు (ప్రోటీన్లు కట్టే ముక్కలు), అందులో ఏడు ఉంగరంలా చుట్టుకుని ఉంటాయి, మిగతా మూడు కొమ్మలా బయటికి వచ్చి చివర కొవ్వు తోక తగిలించుకుని ఉంటాయి. మొత్తం మీద ఐదు ప్లస్సులు. పటికలాగే వెళ్ళి మైనస్‌కి అతుక్కుంటుంది, కాకపోతే అక్కడ ముందే కూర్చున్న కాల్షియం, మెగ్నీషియంలని లేపేసి ఆ కుర్చీలో తను కూర్చుంటుంది. కుట్లు ఊడితే పొర వదులవుతుంది.

తోక లేకపోతే?

కుట్లు ఊడదీస్తే సరిపోతుందా అని పిల్లల్ని అడుగుతాను. సగం మంది అవునంటారు. కాదని చూపించే పాత ప్రయోగం ఒకటుంది. పాలిమిక్సిన్-బి నుంచి కొవ్వు తోకనీ దాని పక్క అమైనో ఆమ్లాన్నీ కత్తిరించేస్తే తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క, నోనాపెప్టైడ్, మిగులుతుంది. అది బ్యాక్టీరియాకి మామూలుగానే అతుక్కుంటుంది, బయటి పొరని వదులు కూడా చేస్తుంది, అయినా దాదాపుగా చంపదు. చిత్రం ఏమిటంటే మామూలుగా ఆ పొర దాటలేని వేరే యాంటీబయోటిక్‌లని దాంతో కలిపి ఇస్తే అవి లోపలికి దూరి పనిచేస్తాయి. అంటే ప్లస్ చార్జి తలుపు వెతుక్కుంటుంది, తోక లోపలి పొర దాకా దిగి చింపుతుంది.

అందుకని ఇలాంటి ఏ మందు గురించి చదివినా నేను ముందు మూడు చూస్తాను. దేనికి అతుక్కుంటోంది? కొవ్వులోకి దిగడానికి తోకో, నూనె స్వభావం ఉన్న వైపో ఉందా? దిగాక పొరకి ఏం చేస్తోంది, పూర్తిగా చింపుతోందా, సన్న చిల్లు పెడుతోందా, ఎవర్నైనా పట్టుకుని ఆపుతోందా? మొదటిదానికి జవాబు తెలిస్తే ఎవర్ని వదిలేస్తుందో తెలుస్తుంది. పాలిమిక్సిన్ పట్టుకునేది ఎల్‌పీఎస్‌ని, అది బయటి పొరే లేని స్టాఫ్ లాంటి గ్రామ్ పాజిటివ్ వాటికి లేదు, కాబట్టి వాటి మీద దానికి పట్టు లేదు. అలాగని మనకి పూర్తిగా క్షేమం అనుకోకండి, మూత్రపిండాల కణాలు దాన్ని లోపలికి లాక్కుని పోగేసుకుంటాయి, ఆ దెబ్బకి భయపడే డాక్టర్లు చాలాకాలం పక్కన పెట్టారు, వేరే మందులేవీ పనిచెయ్యని రోజులు వచ్చాక మళ్ళీ తీశారు.

పంటు, వంతెన

సన్న చిల్లుల కథ నాకు ఎక్కువ ఇష్టం, కాసేపు ఆగుతాను ఇక్కడ.

బ్యాక్టీరియా పొర మందం నాలుగైదు నానోమీటర్లు. లోపలికీ బయటికీ మధ్య సుమారు 150 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది, చిన్నదే కదా అనిపిస్తుంది గానీ మందంతో భాగించి చూస్తే మీటరుకి మూడు కోట్ల వోల్టులు! బ్యాక్టీరియా కరెంటు బిల్లంతా ఈ తేడా మీదే నడుస్తుంది, కణం ఖర్చుపెట్టే శక్తి, అంటే ఏటీపీ, ఎక్కువగా తయారయ్యేది దీంతోనే. పొర మొత్తం చింపక్కర్లేదు, ఈ వోల్టేజి కారిపోతే చాలు.

దానికి రెండు దారులు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి బళ్ళు పంటు మీద దాటినట్టు, వాలినోమైసిన్ అనే అణువు ఒక పొటాషియం అయాన్‌ని కడుపులో పెట్టుకుని కొవ్వులో ఈదుకుంటూ అవతలి ఒడ్డున దింపి మళ్ళీ వెనక్కి వస్తుంది. స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాలు చేస్తాయి దీన్ని. సెకనుకి పదివేల అయాన్ల దాకా దాటిస్తుంది. గ్రామిసిడిన్-ఎ వంతెన కడుతుంది. 1939లో రెనే డ్యూబో మట్టిలోని బాసిల్లస్ బ్రెవిస్ నుంచి తీసిన మందులో ఉన్నది ఇదే. 15 అమైనో ఆమ్లాల మెలిక ఒకటి ఈ ఒడ్డు నుంచి, ఇంకోటి ఆ ఒడ్డు నుంచి వచ్చి మధ్యలో తలలు ఆనించుకుంటే సన్నటి గొట్టం తయారవుతుంది. దాంట్లోంచి సెకనుకి కోటి అయాన్లు కూడా పోగలవు. సోడియం, పొటాషియం లాంటి ఒంటి ప్లస్ వాటికే దారి, కాల్షియం వస్తే గొట్టానికి అడ్డుపడుతుంది.

ఏది పంటు ఏది వంతెన అని తేల్చుకోవడం ఎలా? ఇక్కడ నెయ్యి సీసా పట్టుకురండి. సంక్రాంతి చలికి గడ్డకట్టిన నెయ్యిలో చెంచా కదలదు. కృత్రిమంగా కట్టిన కొవ్వు పొరని చల్లబరిచి అలాగే గడ్డకట్టిస్తే వాలినోమైసిన్ పని ఆగిపోతుంది, ఈదడానికి వీల్లేదు కాబట్టి. గ్రామిసిడిన్ గొట్టం అప్పటికే ఒడ్డు నుంచి ఒడ్డుకి ఉంది కాబట్టి అయాన్లు పోతూనే ఉంటాయి. 1970ల మొదట్లో ఈ ఉపాయంతోనే రెండింటినీ విడగొట్టారు. గోదారి గడ్డకట్టే రోజు రాదు గానీ, వస్తే పంటు ఆగుతుంది, చించినాడ వంతెన మీద లారీలు తిరుగుతాయి.

ఈ రెండూ ఎవరి పొరో చూసుకోవు, మన ఎర్రరక్తకణాల మీద కూడా పడతాయి. అందుకే గ్రామిసిడిన్‌ని కంటి చుక్కలకీ పైపూతలకీ పరిమితం చేశారు, వాలినోమైసిన్ మందుగా రానే లేదు.

కాల్షియం ఎవరి పక్షం?

పాలిమిక్సిన్‌కి కాల్షియం పోటీదారు. డాప్టోమైసిన్‌కి అదే కాల్షియం తోడు లేకపోతే నడక రాదు. 2003లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు ఇది, స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా తయారీ, 13 అమైనో ఆమ్లాలు, దీనికీ ఒక కొవ్వు తోక ఉంది. సొంత చార్జి మైనస్. మైనస్ వెళ్ళి మైనస్ పొరకి ఎలా అతుక్కుంటుంది? కాల్షియంని మధ్యవర్తిగా పెట్టుకుని. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా పొరలో ఎక్కువగా ఉండే ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ అనే కొవ్వు దగ్గర చేరి గుంపులు కడుతుంది, పొర తీరు చెడిపోయి వోల్టేజి కారిపోతుంది.

పట్టుకునే కొవ్వు ఇంకెక్కడైనా ఉంటే మందు అక్కడే చిక్కుకుంటుందని దీని దగ్గర నేర్చుకోవచ్చు. మన ఊపిరితిత్తుల లోపల గాలి గదులు మూసుకుపోకుండా ఒక కొవ్వు పూత ఉంటుంది, అందులోనూ ఆ కొవ్వు ఉంది. డాప్టోమైసిన్ దానికి అతుక్కుని ఆగిపోతుంది, అందుకే న్యుమోనియాకి ఇవ్వరు.

పెరుగు వైపు వస్తే నైసిన్ ఉంది. పాలని పులియబెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ రకాలు కొన్ని దీన్ని తయారుచేస్తాయి, ఆహారం ప్యాకెట్ల మీద 234 అనే నంబరు కనపడితే అది ఇదే. 34 అమైనో ఆమ్లాలు. పొరలో లిపిడ్-2 అనే అణువు ఉంటుంది, గోడ కట్టడానికి ఇటుకలు మోసేది, నైసిన్ దాన్ని కౌగిలించుకుని అదే స్తంభంగా వాడుకుని రంధ్రం చేస్తుంది. గోడ పనీ ఆగింది, పొరా కారింది, ఒక దెబ్బకి రెండు పిట్టలు. గ్రామ్ నెగటివ్ వాటికి బయటి పొర అడ్డం కాబట్టి లోపలికి చేరలేదు, కానీ లోహాల అయాన్లని పట్టేసుకునే ఈడీటీఏ అనే రసాయనం వేసి కాల్షియం మెగ్నీషియంలని లాగేస్తే చేరుతుంది. పైన చెప్పిన కుట్లు గుర్తున్నాయి కదా.

ప్రోబయోటిక్ డ్రమ్ముతో ఒక పరీక్ష

చెరువుల వాళ్ళకి ఇది. బెల్లం, తవుడు, ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) అని అమ్మే బాసిల్లస్ ప్యాకెట్టు కలిపి డ్రమ్ములో గాలి పెట్టి పులియబెడతారు కదా, పైన నురగ తేలితే "భలే పట్టింది" అంటారు. ఆ నురగలో బాసిల్లస్ సబ్టిలిస్ చేసే సర్ఫాక్టిన్ ఉండచ్చు. ఏడు అమైనో ఆమ్లాల ఉంగరం, దానికి కొవ్వు తోక, బ్యాక్టీరియా వండిన సబ్బు అనుకోండి, కాస్త వేస్తే నీళ్ళ తలతన్యతని మీటరుకి 72 నుంచి 27 మిల్లీన్యూటన్లకి దించేస్తుంది.

చూసే పద్ధతి తేలిక. ప్లాస్టిక్ డబ్బా మూతకి కొబ్బరినూనె పల్చగా రాసి గుడ్డతో తుడిచెయ్యండి. దాని మీద మంచినీళ్ళ బొట్టు పెడితే ముత్యంలా నిలబడుతుంది, సబ్బు నీళ్ళ బొట్టు చప్పగా పరుచుకుంటుంది. ఇప్పుడు డ్రమ్ములో నీళ్ళు గుడ్డతో వడగట్టి ఒక బొట్టు పెట్టండి. పరుచుకుంటే అందులో ఏదో సబ్బు స్వభావం ఉన్నది తయారైంది. తొందరపడి ప్యాకెట్టు కంపెనీని పొగడకండి, బెల్లానికీ తవుడుకీ కూడా కొంచెం నురగ గుణం ఉంది. అదే కొలతలో బెల్లం, తవుడు మరిగించి చల్లార్చి, ప్యాకెట్టు కలపకుండా ఒక సీసాలో పెట్టుకోండి, దాని బొట్టు పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా పరుచుకుంటే మీ పరీక్ష ఏమీ తేల్చలేదు.

తేడా కనపడినా విబ్రియో చచ్చిందని కాదు. సర్ఫాక్టిన్ పొర మీద పడి చిల్లులు చేసే మాట నిజమే, కానీ ఎంపిక తక్కువ, ఎర్రరక్తకణాల్ని కూడా పగలగొడుతుంది, ల్యాబులో రక్తం కలిపిన ప్లేటు మీద కాలనీ చుట్టూ తేటబడే వలయం చూసే చాలాచోట్ల ఆ రకాల్ని ఏరుతారు. మొదట్లో రైతు అడిగిన సబ్బు ఇదే, బ్యాక్టీరియా వండింది కాబట్టి పేరు మారింది.

ల్యాబు వాళ్ళకి, కొంచెం కోపంగా

కొలిస్టిన్ బిళ్ళని బ్యాక్టీరియా పెంచే అగార్ జెల్లీ మీద పెట్టి చుట్టూ తేట వలయం ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి "పనిచేస్తుంది", "పనిచెయ్యదు" అని రాసే రిపోర్టులు నేను చాలా చూశాను, ఒకప్పుడు నేను పనిచేసిన చోట నేనే రాశాను. అది తప్పు. అణువు పెద్దది, ఒంటినిండా ప్లస్సులు, అగార్‌లో సరిగా పాకదు, చిన్న వలయం అంటే బ్యాక్టీరియా మొండిదని అర్థం కాదు, పెద్దదంటే మెత్తదనీ కాదు. ద్రవంలో వరసగా సగం సగం పలచన చేసుకుంటూ పోయే మైక్రోడైల్యూషన్ పద్ధతే నమ్మదగినది. అది కూడా ప్లాస్టిక్ ప్లేటు గోడలకి మందు అతుక్కుపోతుందని గుర్తుంచుకుని చెయ్యాలి.

ఆ ద్రవంలో కాల్షియం లీటరుకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 10 నుంచి 12.5 ఉండేలా సరిచేస్తారు. డాప్టోమైసిన్‌కి అయితే కాల్షియం 50. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం లీటరుకి 1,300 దరిదాపుల్లో ఉంటుంది, అది సగానికి కాస్త తక్కువగా పలచనైన, లీటరుకి 15 గ్రాముల ఉప్పదనం ఉన్న చెరువులో కూడా 550 ఉంటుంది, అంటే ల్యాబు ద్రవంలో ఉన్నదానికి నలభై యాభై రెట్లు. ల్యాబు ద్రవంలో బ్రహ్మాండంగా చంపిన పాలిమిక్సిన్ ఆ నీళ్ళలో కుర్చీ దొరక్క తిరుగుతుంది. ఇది చూడాలంటే కాలేజీ ల్యాబులో, టీచరు పక్కనుండగా, ప్రమాదం లేని ఈ-కోలై రకంతో, పాలిమిక్సిన్‌ని సగం సగం పలచన చేస్తూ రెండు పరీక్ష గొట్టాల వరసలు పెట్టండి, ఒక వరసకి మెగ్నీషియం క్లోరైడ్ కలపండి, ఎన్ని గొట్టాల తేడా వచ్చిందో చూడండి.

ఇదంతా తెలుసుకోవడానికే, చెరువులో పొయ్యడానికి కాదు. ఆహారం కోసం పెంచే జంతువులకీ, కోళ్ళకీ, ఆక్వాకీ కొలిస్టిన్ తయారీ, అమ్మకం 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. ఆసుపత్రిలో చివరి మందుగా మిగిలినదాన్ని మేతలో కలపడం ఏ లెక్కన చూసినా దుర్మార్గమే. 2015లో చైనా నుంచి ఎంసీఆర్-1 అనే జన్యువు సంగతి బయటపడింది, అది ఎల్‌పీఎస్ ఫాస్ఫేట్ మీద ప్లస్ ఉన్న ముక్క ఒకటి అతికించి మైనస్‌ని తగ్గించేస్తుంది, పటికకి మట్టి దొరకదు. పైగా ఆ జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరం మీద కూర్చుని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటగలదు. కలరా విబ్రియోలో ఎల్ టార్ రకం ఇంకో దారి పట్టింది, అదే ఎల్‌పీఎస్‌లో, ఫాస్ఫేటుకి కాకుండా కొవ్వు తోకకి, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించుకుంది. ఒకప్పుడు పాలిమిక్సిన్‌కి లొంగేది పాత క్లాసికల్ రకం, లొంగనిది ఎల్ టార్ అని ల్యాబుల్లో విడగొట్టేవాళ్ళు. ప్రోటియస్, సెరేషియా లాంటివి పుట్టుకతోనే లొంగవు.

చివరగా ఇంట్లో డబ్బా

దెబ్బలకి చల్లే నియోస్పోరిన్ పౌడర్ చాలా ఇళ్ళలో ఉంటుంది, లేబుల్ చదవండి, పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వేసుకోండి. పాలిమిక్సిన్-బి సంగతి అయిపోయింది. బాసిట్రాసిన్ కూడా ఒక బాసిల్లస్ చేసేదే, అది పొరని చింపదు, గోడ ఇటుకలు దింపి ఖాళీగా వెనక్కి వచ్చే కొవ్వు కూలీని, జింక్ లాంటి లోహం సాయంతో పట్టుకుని మళ్ళీ పనికి పోనివ్వదు. నియోమైసిన్ పొర దాటి లోపలికి పోయి, ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్ మీద పడుతుంది. దానికి పొర లక్ష్యం కాదు, దాటాల్సిన గట్టు.

ఆరియోమైసిన్ అనే పాత యాంటీబయోటిక్ కూడా నియోమైసిన్‌లా పొర దాటి రైబోజోమ్ మీద పడే జాతే. 1948లో ఆ మందు లోకానికి తెలిసినప్పుడు అమెరికా మందుల కంపెనీ లెడర్లీ పరిశోధన విభాగానికి డైరెక్టరు మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మందు తీసిన బెంజమిన్ డగ్గర్ ఆయన విభాగంలోనే పనిచేశారు. మట్టి నమూనాల్లోంచి స్ట్రెప్టోమైసిస్‌లని ఏరి తీసిన ఆ రోజుల్లో మా చేలో మట్టి ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఊరికే అనిపిస్తుంది.

స్పిరిట్ ముక్కలూ సబ్బు ముక్కలూ చెత్తలో పారెయ్యండి. ఉప్పూ పటికా ఉన్న గ్లాసులు చెట్లకి పొయ్యకండి, కాలవ గట్టున పారబొయ్యండి. మంచినీళ్ళ గ్లాసులవి, వేడినీళ్ళవి బీట్‌రూటు ముక్కలు పాడవలేదు, మా ఇంట్లో పచ్చికొబ్బరి వేసి వేపుడు చేసేస్తారు.